ఎర్ర గింజల పరిగె

మొక్కజొన్న విత్తనాలకు ఆ ఎర్ర రంగు ఎందుకు వేస్తారని పనిలో చేరిన మొదటి రోజే అడిగాను. "అందానికి" అంది నా పక్కన కూర్చుని గింజలు ఏరుతున్న ముసలామె. రైతు సంచి విప్పగానే కుంకుమలో దొర్లించినట్టు మెరవాలట, లేకపోతే కొనడట. నాకు సబబుగానే తోచింది. తర్వాత చేరిన ఆడవాళ్ళు నన్ను అడిగితే నేనూ అదే చెప్పాను. అలా ఆ మాట మా గోడౌనులో చాలా ఏళ్ళు చలామణీ అయింది.

తిరువూరు నుంచి గంపలగూడెం వెళ్ళే దారిలో ఉండేది మా విత్తనాల గోడౌను. అక్కడ కూలిగా చేరి, మేస్త్రినయ్యి, చివరికి మోకాళ్ళు సహకరించక మానేశాను. అక్షరాలు నాకు పెద్దతనంలో వచ్చాయి, డ్వాక్రా సంఘం వాళ్ళు పెట్టిన సాయంత్రం బడిలో. ఇప్పుడు మిల్లుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో పనికి వెళ్తున్న ఆడపిల్లలు నాకంటే బాగా చదువుకున్నవాళ్ళు. అయినా ఈ ఒక్క సంగతి వాళ్ళకు చెప్పాలనిపించి రాస్తున్నాను. పేర్లు రాయను. మేమూ పేర్లతో పెద్దగా పిలుచుకునేవాళ్ళం కాదు. ఎవరి ఊరే వాళ్ళ పేరు.

మాకు రెండు షెడ్లు ఉండేవి. ఇవతలి షెడ్డులో ఎండిన కండెలు ఒలిచి, జల్లెడ పట్టి, చితికినవీ పుచ్చినవీ ఏరేసేవాళ్ళం. అవతలి షెడ్డులో ఒక పెద్ద డ్రమ్ము తిరుగుతూ ఉండేది. మంచి గింజను అందులో పోసి, భూమిలో పురుగు పట్టకుండా, బూజు రాకుండా మందు కలిపేవాళ్ళు. దాంతోపాటే ఆ ఎర్ర రంగు. ఆరిన తర్వాత సంచులకెత్తి కుట్టేయడమే. మొదటిదాన్ని పసుపు షెడ్డు అనీ, రెండోదాన్ని కుంకుమ షెడ్డు అనీ పిలిచేవాళ్ళం. ఆ పేర్లు మేం పెట్టుకున్నవే.

పరిగె అంటే ఇప్పటి పిల్లలకు తెలుసో లేదో. కోత అయిపోయాక చేలో రాలిన గింజ ఏరుకున్నవాళ్ళది. ఆసామి చూసినా ఏమీ అనడు, అంటే ఊళ్ళో పరువు తక్కువ. చేల నుంచి గోడౌను పనికి వచ్చినవాళ్ళం కనుక ఆ అలవాటు మాతోనే వచ్చింది. యంత్రం కింద రాలిన గింజలూ, ఏరిపారేసిన చితుకులూ సాయంత్రం తలా ఇంత కొంగున కట్టుకునేవాళ్ళం. గోడౌను యజమాని షావుకారు గారు కూడా ఈ చుట్టుపక్కల ఆసాముల కుటుంబంలోంచి వ్యాపారంలోకి వచ్చిన మనిషే. చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

ఒక ఏడు ఎవరో రాలిన గింజలు పోగుచేసి, సంచుల్లో నింపి, మంచి విత్తనమని అమ్మేశారని ఫిర్యాదు వచ్చింది. అంతటితో పరిగె బంద్. గేటు దాటి ఒక్క గింజ కూడా పోకూడదన్నారు. సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఆడవాళ్ళ చేత కొంగులు దులిపించే పని నాకు అప్పగించారు.

మాలో నోరు పెద్దది కొండూరావిడ. ఎ.కొండూరు నుంచి ఆటోలో వచ్చేది. మొదటి రోజే కొంగు విప్పి నా ముఖం మీద దుమ్ము పడేలా దులిపి, "పరిగె కూడా దొంగతనమైపోయిందా మేస్త్రమ్మా? రేపట్నించి ఊపిరి కూడా లోపలే వదిలేసి పోమంటారేమో!" అంది. వెనకాల వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, కానీ కొంగులు దులిపించడం మానలేదు.

పరిగె మాత్రం ఆగలేదు, దారి మార్చుకుంది. పసుపు షెడ్డులో నేనుంటాను, నలుగురి కళ్ళుంటాయి. కుంకుమ షెడ్డులో ఆ వాసనకు ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. ఊడ్చేవాళ్ళు ఇద్దరే ఉంటారు. కాబట్టి పోతే ఎర్ర గింజలే పోయేవి, అన్నం తినేసిన టిఫిను క్యారేజీల్లో. నాకు తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా మేస్త్రి పనే అనుకునేదాన్ని. ఇంటికెళ్ళి కడుక్కుంటారని కూడా తెలుసు. రంగు పోయాక గింజ మామూలు గింజే కదా అని నా ఆలోచన. అందరి ఆలోచనా అదే.

ఆ రోజుల్లోనే కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. వ్యవసాయం చదువుకున్న కుర్రాడు, సన్నగా, మీసం వచ్చీ రానట్టు ఉండేవాడు. మేం సార్ అనేవాళ్ళం. మా దగ్గర విత్తనం కొనే కంపెనీ వాళ్ళు భద్రత గురించి క్లాసు చెప్పి తీరాలన్నారట. ఒక మధ్యాహ్నం మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, పుర్రె బొమ్మ ఉన్న బోర్డు గోడకు తగిలించాడు.

"ఇదేంటో ఎవరికైనా తెలుసా అమ్మా?"

"పుర్రె" అన్నారు అందరూ ఒక్కసారే.

"అది ఉందంటే అర్థం ఏంటి?"

"పత్తికి కొట్టే మందు డబ్బా మీద ఉండేదే కద సార్" అంది కొండూరావిడ. "మా ఇంట్లో నాలుగున్నయ్. ఒకదాంట్లో ఉప్పు పోసుకున్నాం."

ఆయన ముఖం పాలిపోయింది. "ఉప్పా?"

"కడిగే పోసుకున్నాం సార్! మరీ అంత శుభ్రం తెలియనోళ్ళలాగా కనపడ్తున్నామా?"

షెడ్డు షెడ్డంతా నవ్వులు. ఆ నవ్వుల్లో ఆయన చెప్పబోయిందేదో చెప్పకుండానే చేతిలోని తర్వాతి కాగితానికి వెళ్ళిపోయాడు. రసాయనాల అవశేషాలు, విష ప్రభావం, వ్యక్తిగత రక్షణ సామగ్రి. మంచి మాటలే, కానీ ఒక్కటీ మా చెవి దాటి లోపలికి దిగలేదు. మాస్కులూ చేతి తొడుగులూ పంచారు. ఆ తొడుగులు మిరపకాయల తొడిమలు తీయడానికి బాగుంటాయని చాలామంది ఇంటికి పట్టుకెళ్ళారు. క్లాసు ముగిస్తూ ఆయన, "షావుకారు గారు చెప్పమన్నారు. ఎర్ర గింజ ఎవరి దగ్గర దొరికినా ఆ రోజే పనిలోంచి తీసేస్తారు" అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం అందరికీ బాగా అర్థమైంది.

కుంకుమ షెడ్డు ఊడ్చే ఇద్దరిలో ఒకామె వినగడప వదిన. వరస కాకపోయినా నేను వదినా అని పిలిచేదాన్ని. మా వీధిలోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. భర్త లారీ డ్రైవరు, ఎప్పుడు వస్తాడో తెలియదు. పిల్లలిద్దరూ వినగడపలో అత్తగారి దగ్గర ఉండి అక్కడి బడికి వెళ్ళేవాళ్ళు. ఆదివారం ఆదివారం వెళ్ళి చూసి వచ్చేది.

ఒక సోమవారం ఆమె కళ్ళు ఉబ్బి పనికి వచ్చింది.

"ఏం వదినా, అలా ఉన్నావు?"

"కోళ్ళు పోయినయ్ మేస్త్రమ్మా. రాత్రి గూట్లో పెట్టినప్పుడు బానే ఉన్నయ్. పొద్దున చూస్తే పెట్టా పిల్లలూ అన్నీ మెడలు వాల్చేసినయ్."

"తెగులు తగిలుంటది" అంది కొండూరావిడ.

"ఏం పెట్టావు వాటికి?" అన్నాను.

వదిన నా ముఖం చూడలేదు. గేటు దగ్గర కొంగులు దులిపించే నా చేతుల వైపు చూసింది. "నూకలే" అని లోపలికి వెళ్ళిపోయింది.

తెగులైతే వీధిలో మిగతా కోళ్ళకు కూడా తగలాలి. మా పక్కింటి పుంజు ఆ పొద్దున్నే నా నిద్ర చెడగొట్టింది. మనసు కుదుటపడక టీ వేళకు సార్ దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఒక మాట. ఎర్ర గింజ కడిగితే తినడానికి పనికొస్తుందా?"

"ఎందుకమ్మా?"

"ఊరికే. తెలుసుకుందామని."

"ఆ రంగు వేసేదే ఎవరూ తినకూడదని తెలియడానికమ్మా. కడిగితే రంగు పోతుంది, మందు పోదు. అది గింజ లోపలికి దిగిపోతుంది. ఎన్ని నీళ్ళు పోసినా అంతే." గ్లాసు కింద పెట్టాడు. "ఎవరైనా కడుగుతున్నారా?"

"లేదు సార్" అన్నాను.

అన్ని కాగితాలు చదివిన క్లాసులో ఈ చిన్న మాట ఎందుకు రాలేదా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. మేం కడుక్కుని తింటామని ఆయనకు తెలియదు. తెలిసేలా మేం అడగలేదు. అడిగితే తీసుకెళ్ళినట్టు ఒప్పుకున్నట్టే కదా. గుమ్మానికి అటు ఆయనా ఇటు మేమూ, మధ్యలో తలుపు వేసిన మనిషిని నేను.

వదిన సంచుల వెనక ఊడుస్తోంది. దగ్గరికెళ్ళి, సార్ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. "నీ దగ్గర ఇంకా ఉంటే పారెయ్ వదినా. నేనెవరికీ చెప్పను."

చేతిలో చీపురు జారిపోయింది.

"నిన్న తీసుకెళ్ళా అత్తకిద్దామని. మూడు నీళ్ళు కడిగి ఎండబెట్టా, ఎరుపంతా పోయింది. ఇవ్వాళ పొద్దున్నే మరాడించి పిల్లలకి రొట్టెలు చేస్తానంది. మధ్యాన్నం బళ్ళోంచి రాగానే పెడతది మేస్త్రమ్మా."

"ఫోన్ చెయ్."

"అత్తకి లేదు. పక్కింటోళ్ళది కలవట్లా." అప్పటికే చేస్తూనే ఉంది. "నన్ను గేటు దాటనియ్. ఆటోలో పోతా."

ఆటో నిండేదాకా కదలదు, నిండాక ప్రతి ఊళ్ళో ఆగుతుంది. బండి ఉన్నది సార్ ఒక్కడికే.

"సార్‌కి చెబుదాం."

"వద్దు! చెబితే పని పోద్ది. ఈ సీజను పోతే నా పిల్లల్ని ఏం పెట్టి సాకాలి?" నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పిల్లలుంటే కదే సాకేది" అన్నాను. ఆమె చెయ్యి వదిలేసింది.

సార్ అంతా విని ఒక్క క్షణం షావుకారు గారి గది వైపు చూశాడు. తర్వాత బండి తాళాలు తీసుకున్నాడు. "తర్వాతి సంగతి తర్వాత. ఎక్కండి" అన్నాడు. ముందు ఆయన, మధ్యలో వదిన, వెనక నేను. నా బరువుకు బండి ముందు చక్రం ఎక్కడ లేస్తుందోనని దారంతా భయపడ్డాను.

వినగడపలో ఇంటి ముందు దిగేసరికి అత్తగారు పెనం ముందు కూర్చుని ఉంది. పక్కన బేసిన్ నిండా పిండి. ఒక రొట్టె పెనం మీద, రెండు పళ్ళెంలో. పిల్లలు ఇంకా బడి నుంచి రాలేదు. వదిన పరుగెత్తి వెళ్ళి పళ్ళెం లాక్కుంది.

"ఏంటే, పూనకం వచ్చిందా?" అంది అత్తగారు.

సార్ ముందుకొచ్చి ఆ గింజలు విషమనీ, తినకూడదనీ చెప్పాడు. ఆవిడ పొయ్యి ముందు నుంచి లేచి, బేసిన్ మీద చెంగు కప్పి, ఆయన్ని పైనుంచి కిందకి చూసింది.

"విషమా? మూడు నీళ్ళు కడిగింది నా కోడలు. నీ సంగతి నాకు తెలుసులేవయ్యా. రాలిన గింజల కోసం బండేసుకుని ఇంతదూరం వచ్చావా? మీ షావుకారికి ఇంత కక్కుర్తా?"

"కాదమ్మా, నిజంగానే..."

"మా కాలంలో ఆసామి ఎదురుగానే పరిగె ఏరుకున్నాం. ఒక్కడు నోరెత్తితే ఒట్టు!"

నేను చెప్పి చూశాను. "నువ్వూ వాళ్ళ మనిషివే" అంది. వదిన ఏడుస్తూ చెప్పినా, పని పోతుందన్న భయంతో అలా అంటోందనుకుంది. సార్‌కి ఏం చేయాలో తోచలేదు. చదువులో ఇది ఉండి ఉండదు. చివరికి మెల్లగా అన్నాడు.

"అమ్మా, ఆ పిండి నేను తీసుకెళ్ళను. ఒక్క చిటికెడు కూడా వద్దు. రొట్టెలూ వద్దు. మీ చేత్తోనే గొయ్యి తీసి పూడ్చేయండి. నేను చూస్తూ నిలబడతా, అంతే."

ఆవిడ కళ్ళు చిట్లించింది. "మీ షావుకారుకీ వద్దా?"

"ఎవరికీ వద్దమ్మా."

చాలాసేపు ఆయన ముఖంలోకే చూసింది. తన సొమ్ము కోసం వచ్చినవాడు తీసుకెళ్ళకుండా పోతాడా? చెంగు బేసిన్ మీది నుంచి తీసేసింది. తర్వాత మెల్లగా అంది.

"మరి పొద్దున నేనొకటి తిన్నానే. ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని. అప్పట్నించి కడుపులో తిప్పుతోంది. పైత్యమనుకున్నా."

ఆవిణ్ణి బండి మీద ఎక్కించుకుని సార్ గంపలగూడెం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు మొదట అడిగింది ఏం మందు అనేనట. ఆ పేరు సార్‌కి తెలుసు కాబట్టి సరిపోయింది. మాలో ఎవరు తీసుకెళ్ళినా "ఎర్ర మందు" అని చెప్పి నిలబడేవాళ్ళం. నేనూ వదినా ఆ పిండినీ రొట్టెలనూ బోరుకు దూరంగా, కోళ్ళు తవ్వలేనంత లోతున పూడ్చాం. మట్టి కప్పుతుండగా పిల్లలు బడి నుంచి వచ్చి, "ఏంటమ్మా, ఇవాళొచ్చావ్? రొట్టెలేవి?" అన్నారు. వదిన వాళ్ళిద్దరినీ మట్టి చేతులతో ముట్టుకోకుండా, మోచేతులతోనే దగ్గరికి లాక్కుంది. అత్తగారు ఆ రాత్రి ఆసుపత్రిలో ఉండి, మర్నాడు డాక్టర్ని కూడా నాలుగు మాటలని ఇంటికొచ్చేసింది.

షావుకారు గారు నన్నూ సార్‌నీ పిలిపించారు. "దొంగతనం చేసినామెను పనిలో ఉంచుకోమంటారా?" అన్నారు.

"బాబుగారూ, మీ నాన్నగారి చేలో మా అమ్మ పరిగె ఏరుకుంది. ఆయన ఎప్పుడూ దొంగ అనలేదు" అన్నాను. "పసుపు షెడ్డులో చితుకులు మాకు ఇచ్చేయండి, మునుపటిలాగే. చేతికి మంచి గింజ దొరుకుతుంటే కుంకుమ షెడ్డు వైపు ఎవరూ చూడరు."

"అవి మళ్ళీ విత్తనమని బయట అమ్మితే?"

దానికి సార్ జవాబు చెప్పాడు. "రవ్వ పట్టించి ఇద్దాం సార్. రవ్వను ఎవరూ విత్తలేరు."

షావుకారు గారు నవ్వలేదు గానీ కాదనలేదు. వదిన పని నిలబడింది. నేను మాత్రం ఇక గేటు దగ్గర నిలబడనన్నాను. దానికీ ఊరుకున్నారు.

ఇళ్ళల్లో ఉన్న ఎర్ర గింజలు తెచ్చి పడేయమని బయట ఒక డ్రమ్ము పెట్టించాం. ఎవరినీ ఏమీ అడగబోమని చెప్పాం. మొదటి రోజు అది ఖాళీ. రెండో రోజు వాచ్‌మన్‌ను అక్కణ్ణుంచి దూరంగా కూర్చోమన్నాం. సాయంత్రానికి సగానికి వచ్చింది. చీర ముక్కల్లో మూటలు, పాలపొడి డబ్బాలు, ఒక బడి సంచి. కొండూరావిడ మాత్రం అందరూ చూస్తుండగా పెద్ద గోతం మోసుకొచ్చి గుమ్మరించింది. "మా కోళ్ళు ముట్టుకోలేదు మేస్త్రమ్మా. నాకంటే వాటికే తెలివెక్కువ" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. సార్ ఆ డ్రమ్ములోకి చూసి, పక్కనున్న మెట్టు మీద అలాగే కూర్చుండిపోయాడు.

ఆ వారంలోనే మళ్ళీ క్లాసు పెట్టాడు. కాగితాలు తేలేదు, మాతో పాటే గోతం మీద కూర్చున్నాడు. "మీరు అడగండి, నాకు తెలిసింది చెప్తా. ఏమడిగినా ఎవరి పనీ పోదు" అన్నాడు. ముందు ఒకరు అడిగారు. తర్వాత ఆగలేదు. ఆ సంచులు ఉతికి పరుపు కుట్టుకోవచ్చా? ఉప్పు డబ్బా పారేయాలా? ఆ చీరతోనే ఇంటికెళ్ళి వంట చేస్తే? తెలిసినవాటికి తెలిసినట్టు చెప్పాడు.

చివర్లో కుంకుమ షెడ్డులో సంచులు కుట్టే చిన్నది ఒకతి లేచి నిలబడింది. కానుపై పనిలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. అరచేతులు చూపించింది, ఎర్రగా ఉన్నాయి.

"ఈ చేతుల్తోనే వెళ్ళి పిల్లకి పాలిస్తున్నా సార్. దానికేమన్నా అవుద్దా?"

సార్ ఆ చేతుల వైపు చూశాడు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు. "కనుక్కుని రేపు చెప్తా."

గోడౌనులో పైవాళ్ళ నోట నేను 'తెలీదు' అన్న మాట వినడం అదే మొదలు. మా ఆడవాళ్ళు ఆయన్ని నమ్మింది ఆ రోజేననుకుంటాను.

మర్నాడు నేను పనికి వచ్చేసరికి ఆ పిల్ల అప్పటికే వచ్చి, కుళాయి దగ్గర కూర్చుని ఉంది. సబ్బుతో గోళ్ళ సందులు రుద్దుకుంటోంది. తొడుగులు పక్కన పెట్టుకుంది. పాత చీర ఒకటి పనికి వేరే తెచ్చుకుంది.

"ఏంటే, సార్ ఇంకా ఏం చెప్పనే లేదుగా?" అన్నాను.

"తెలీదన్నాడుగా అత్తా" అంది తలెత్తకుండా. "తెలిసేదాకా ఊరికే కూర్చుంటానా?"